కరువు రోజుల్లో నాటకం టిక్కెట్టు

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను మీతో ముచ్చటించబోయేది పాటల నాటకాల గురించి. అయితే ముందుగా మా ఇంటి పద్దు పుస్తకం ఒకసారి విప్పక తప్పదు.

కొన్నేళ్ళ క్రితం మా వారు పనిచేసే మిల్లు నాలుగు నెలలు మూతపడింది. ఏ మిల్లు, ఎందుకు మూశారు అన్నది ఇప్పుడు అనవసరం. నాలుగు నెలలు జీతం రాలేదు, అదీ సంగతి. అలాంటి రోజులు ఎలా వుంటాయో మీలో చాలామందికి నేను చెప్పకుండానే తెలుసు. పాలు సగం చేశాను. కూరల్లో చవకవేవో అవే వండాను. పోపులో ఇంగువ కూడా లెక్కపెట్టి వేసేదాన్ని. సరిగ్గా ఆ సమయంలో మా పేటలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారని తెలిసి, మా అత్తగారు కొంగున ముడి విప్పి రెండు టిక్కెట్లకు డబ్బు తీశారు. ఒకటి ఆవిడకు, ఒకటి నాకు.

నాకు ఒళ్ళు మండింది. ఉండబట్టలేక, "మన కష్టాలు చాలవా అత్తయ్యా? డబ్బిచ్చి మరీ హరిశ్చంద్రుడి కష్టాలు చూసి రావాలా?" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "అక్కడైతే ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరే అమ్మాయ్" అన్నారు.

వెళ్ళాం. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము కావొచ్చింది. చంద్రమతి చచ్చిన కొడుకును చేతుల మీద వేసుకుని వచ్చింది. ఆ నాలుగు నెలలుగా పిల్లల ముందు, ఆయన ముందు దాచుకున్న ఏడుపంతా నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ అదే పనిలో వున్నారు మరి. ఇంటికొచ్చి పద్దు రాయబోతే ఆ సొమ్ము ఏ ఖాతా కింద వేయాలో తోచలేదు. చివరికి "దుబారా" అని రాసి ఊరుకున్నాను.

ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. మొన్నామధ్య మా అబ్బాయి లైబ్రరీ నుంచి అమెరికా నాటకాల చరిత్ర ఒకటి తెచ్చాడు. సాయంత్రాలు నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ వుంటే వాడు చదివి తెలుగులో చెప్పేవాడు. నేను మెట్రిక్ దాకా చదివినదాన్నే గానీ అంత ఇంగ్లీషు నాకు మింగుడు పడదు. అందులో తెలిసిన సంగతులే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. అమెరికా అంటే ఎప్పుడూ డబ్బులో మునిగి తేలే దేశమనే అనుకుంటాం కదా. అక్కడ కూడా ఇళ్ళలో పొయ్యి రాజేయడానికి తడుముకున్న రోజులున్నాయి.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కుప్పకూలింది. షేర్లంటే మనకెందుకులే అనుకోకండి. వీధిలో చీటీల మనిషి రాత్రికి రాత్రి పారిపోతే ఎన్ని ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఆగిపోతాయో మీరు చూసే వుంటారు. దాన్ని దేశమంతటికీ పెంచి వూహించుకోండి. బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. దాచుకున్న సొమ్ము మాయమైంది. ఫ్యాక్టరీలు మూశారు. 1933 నాటికి పనిచేసే ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. కోట్లు, టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు సూపు గిన్నె కోసం, రొట్టె ముక్క కోసం వీధుల్లో బారులు తీరారు. ఆ దెబ్బ మన దాకా వచ్చింది. ధాన్యం, వేరుశనగ ధరలు పడిపోయి మన రైతులు అప్పుల పాలయ్యారు. ఆ రోజులు తల్చుకున్నప్పుడల్లా మా అమ్మమ్మ, "పండింది గానీ అమ్ముడుపోలేదే" అనేది.

న్యూయార్కులో బ్రాడ్వే అని ఒక పెద్ద వీధి వుంది. ఆ వీధిలోనూ, దాని పక్క సందుల్లోనూ వున్న నాటకశాలలన్నిటినీ కలిపి బ్రాడ్వే అనే అంటారు. వాళ్ళ పాటల నాటకం మన పద్యనాటకం లాంటిది కాదు. మాటలుంటాయి, మాటల మధ్య పాటలు, పాటల వెంట నృత్యాలు వుంటాయి, హాస్యం పాలు ఎక్కువ. 1927-28 సంవత్సరంలో అక్కడ పాటలవీ మాటలవీ కలిపి 250కి పైగా కొత్త నాటకాలు వేశారట. ఆ పదేళ్ళ చివరికి ఆ లెక్క నూరు దగ్గరికి దిగిపోయింది. ఒక పక్క జనం చేతిలో డబ్బు లేదు. ఇంకో పక్క 1927 నుంచి సినిమాకు మాట వచ్చింది, దాని టిక్కెట్టు చవక. పెద్ద పెద్ద నాటకశాలల యజమానులు దివాలా తీశారు. కొన్ని హాళ్ళు సినిమా హాళ్ళయ్యాయి. మన దగ్గరా అంతేగా! 1932లో మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చినప్పుడు అందులో లీలావతి వేషం వేసినావిడ సురభి కమలాబాయి. నాటకాల గుడారంలో పుట్టి పెరిగిన మనిషే సినిమాకు వెళ్ళి పాడింది.

ఇక్కడే నాకు విచిత్రమనిపించింది. అంత కరువులోనూ కొన్ని పాటల నాటకాలకు జనం విరగబడి వచ్చారు. ఎలాంటి వాటికి వచ్చారో వినండి.

1931 డిసెంబరులో "ఆఫ్ థీ ఐ సింగ్" అని ఒకటి మొదలైంది. సంగీతం జార్జి గెర్ష్విన్‌ది, పాటలు ఆయన అన్న ఐరాగారివి. కథ ఏమంటే, ఒకాయన ప్రెసిడెంటు ఎన్నికలకు నిలబడతాడు. చెప్పుకోవడానికి పనికొచ్చే సంగతి ఒక్కటీ లేదు గనక "ప్రేమ" మీద ఓట్లడుగుతారు. అందాల పోటీ పెట్టి, గెలిచిన పిల్లను ఆయనకు పెళ్ళి చేస్తామని చాటిస్తారు. తీరా చూస్తే ఆయన మనసుపడింది ఆ ఆఫీసులో పనిచేసే అమ్మాయి మీద. కారణం ఆ పిల్ల మొక్కజొన్న రొట్టెలు బాగా చేస్తుంది! గెలిచిన పిల్ల గొడవ చేస్తే, న్యాయం ముఖ్యమా, మొక్కజొన్న రొట్టెలు ముఖ్యమా అన్న ప్రశ్న సుప్రీం కోర్టు దాకా వెళుతుంది. జడ్జీలు రొట్టెలే ముఖ్యమని తీర్పు చెప్పేస్తారు. ఆ పూట రొట్టె దొరకని ఊళ్ళో ఆ తీర్పు విని జనం ఎలా నవ్వి వుంటారో మీరే వూహించుకోండి. ఇందులో వైస్ ప్రెసిడెంటు ఒకడున్నాడు పాపం. అతని పేరు ఎవరికీ గుర్తుండదు. ప్రెసిడెంటు భవనంలోకి రానివ్వక, చివరికి వింతలు చూడ్డానికొచ్చిన యాత్రికుల గుంపులో కలిసి లోపలికి వస్తాడు. ఈ నాటకం 441 ఆటలు ఆడింది. 1932లో పులిట్జర్ బహుమతి దీనికే ఇచ్చారు. పాటల నాటకానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. అయితే అది మాటలు రాసిన వాళ్ళకే గనక, సంగీతం కూర్చిన జార్జిగారికి అందులో వాటా లేదన్నారు. వడ్డించిన వాళ్ళకు మెప్పు, వండిన వాళ్ళకు మొండిచేయి అన్నట్టుంది కదూ!

1932లో ఇంకో నాటకం వచ్చింది, పేరు "అమెరికానా". ఎక్కువ రోజులు ఆడలేదు, 77 ఆటలే. కానీ అందులో ఒక పాట నాటకం పోయినా మిగిలింది. రైలు మార్గాలు వేసి, ఆకాశాన్నంటే మేడలు కట్టి, యుద్ధానికి కూడా వెళ్ళొచ్చిన మనిషి రొట్టె కోసం బారులో నిలబడి పదిసెంట్ల నాణెం అడిగే పాట అది. రాసినాయన హార్బర్గ్. ఈయనది అంతకుముందు ఎలక్ట్రిక్ సామాను వ్యాపారం. 1929లో అది మునిగిపోయి అప్పుల పాలైతే, చేతిలో పెన్సిలు తప్ప ఏమీ మిగలక పాటలు రాయడం మొదలుపెట్టాడు. వరస కట్టినాయన జే గోర్నీ రష్యాలో పుట్టినవాడు. చిన్నప్పుడు తల్లి పాడిన జోలపాట బాణీలోంచే ఆ వరస తీశాడు. మా అబ్బాయి ఈ మాట చదవగానే చేటలో నా చేయి ఆగిపోయింది. ఎక్కడో ఓ తల్లి పిల్లవాడిని నిద్రపుచ్చడానికి పాడుకున్న వరస, ఉద్యోగాలు పోయిన మగవాళ్ళందరి నోటికీ వచ్చిందన్నమాట. అప్పటి పేరున్న గాయకులు బింగ్ క్రాస్బీ మొదలైనవాళ్ళు రికార్డులిస్తే రేడియోలో మారుమోగింది. నేనిప్పుడు కూర్చున్న ఇలాంటి పెట్టె ముందు నుంచే అనుకోండి.

ఆ మరుసటేడు, 1933లో, ఇర్వింగ్ బెర్లిన్ పాటలతో "యాజ్ థౌజండ్స్ చీర్" వచ్చింది. దినపత్రికలో శీర్షికల్లాగా ఒక్కో వార్త మీద ఒక్కో ఆట, ఒక్కో పాట. గొప్పింటి పెళ్ళిళ్ళు, సినిమా తారల గొడవలు, వాతావరణ సూచన, అన్నీ సరదాగా సాగుతూ వుంటాయి. మధ్యలో ఒక శీర్షిక పడుతుంది: నల్లజాతి మనిషి ఒకణ్ణి గుంపుగా జనం పట్టుకుని చంపేశారని. అప్పట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో విచారణ అన్నది లేకుండా అలా చెట్టుకు ఉరితీసే ఘోరాలు జరుగుతుండేవి. తెర తీస్తే రంగం మీద అతని భార్య వుంటుంది. రాత్రి భోజనాల వేళ. బల్ల మీద పళ్ళేలు సర్దాలి. పిల్లలు అన్నానికి వస్తారు. నాన్న ఇక రాడని వాళ్ళకెలా చెప్పడం? పాటంతా అదే.

పాడినావిడ ఎథెల్ వాటర్స్. పేదరికంలో పుట్టి, హోటల్లో గదులు ఊడ్చే పని కూడా చేసి పైకొచ్చిన మనిషి. తెల్లవాళ్ళతో సమానంగా బ్రాడ్వే మీద పేరు వేయించుకుంది. నగలు పెట్టుకుని, సరదాకని వచ్చి కూర్చున్న వాళ్ళ ముందు ఆ పాట పాడించడానికి ఎంత గుండె వుండాలి! 400 ఆటలు ఆడింది ఆ నాటకం. మనం ఇంట్లో ఎన్నిసార్లు పళ్ళేలు పెట్టుకుంటాం? ఒక పళ్ళెం తక్కువ పెట్టాల్సిన రోజు గురించి ఎవరు పాట కడతారు?

అన్నీ ఇలాంటివే అనుకునేరు. అబ్బే, కాదు. ఓడల మీద షికార్లు, మేజువాణీలు, కోటీశ్వరుల అల్లరి చూపించినవీ బాగానే ఆడాయి. 1934లో కోల్ పోర్టర్ పాటలతో వచ్చిన "ఎనీథింగ్ గోస్" అచ్చం అలాంటిదే, 420 ఆటలాడింది. కాసేపు అన్నీ మరిచిపోదామని వచ్చేవాళ్ళను నేను తప్పుపట్టను. నాకు మాత్రం ఆ రకం అంతగా నచ్చదు. లేమిలో వున్నప్పుడు పక్కింటి పెళ్ళి భోజనం వాసన తగిలినట్టుంటుంది.

ఇక సర్కారు నాటకాల సంగతి. 1935లో పని పోయిన నటులకు, రంగాలు కట్టేవాళ్ళకు, టిక్కెట్లు చింపేవాళ్ళకు పని కల్పించాలని అక్కడి ప్రభుత్వమే ఒక నాటక పథకం పెట్టింది. దాన్ని నడిపింది ఒక ఆడమనిషి, హాలీ ఫ్లానగన్. కాలేజీలో నాటకాలు నేర్పే పంతులమ్మ. న్యూయార్కులో నటులకు వారానికి 23 డాలర్ల చిల్లర జీతం. వీళ్ళు 1937లో "ది క్రేడిల్ విల్ రాక్" అని ఉక్కు ఫ్యాక్టరీ పనివాళ్ళ మీద ఒక పాటల నాటకం తయారు చేశారు. పాటలూ సంగీతమూ మార్క్ బ్లిట్జ్‌స్టైన్, దర్శకుడు ఆర్సన్ వెల్స్. అప్పటికాయనకు ఇరవై రెండేళ్ళు. ఆట మొదలుకావలసిన రోజులకు కొత్త నాటకాలన్నీ ఆపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డబ్బు కోత అన్నారు పైవాళ్ళు, నోరు నొక్కడమన్నారు వీళ్ళు. హాలుకు తాళం పడింది. దుస్తులూ, రంగం సామానూ సర్కారువి గనక ముట్టుకోవద్దన్నారు.

జూన్ 16. టిక్కెట్లు కొన్న జనం వీధిలో నిలబడి వున్నారు. ఆఖరి నిమిషంలో ఇరవై వీధుల అవతల ఖాళీగా వున్న ఇంకో హాలు దొరికింది. అద్దె పియానో ఒకటి తెప్పించి, నటులూ జనమూ అందరూ కలిసి అక్కడికి నడిచారు. ఇంకో చిక్కు. నటులు రంగం ఎక్కకూడదని వాళ్ళ సంఘమే చెప్పింది. అందుకని రంగం మీద బ్లిట్జ్‌స్టైన్ ఒక్కడే పియానో ముందు కూర్చుని, కథ తనే చెబుతూ, పాటలన్నీ తనే పాడేందుకు సిద్ధపడ్డాడు. మొదటి పాట ఎత్తుకున్నాడు. ఇంతలో జనంలోంచి సన్నగా ఒక ఆడగొంతు. ఆలివ్ స్టాంటన్ అనే అమ్మాయి కూర్చున్న చోటు నుంచే లేచి నిలబడి తన పాట తను పాడుతోంది. రంగం ఎక్కకూడదన్నారు గానీ కుర్చీలోంచి లేవకూడదని ఎవరూ అనలేదుగా! దీపం వేసేవాడు వెలుగు ఆమె వైపు తిప్పాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. నాటకమంతా జనం మధ్యనే జరిగిపోయింది.

ఆ అమ్మాయి పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ వారం వారం వచ్చే సర్కారు జీతమే ఆమెకు ఆధారం. లేచి పాడితే ఆ కాస్తా పోవచ్చు. ఒళ్ళంతా వణికి వుంటుంది. నేనైతే లేచి వుండేదాన్నా అని ఆలోచించాను. ఏమో, లేచి వుండనేమో.

(ఆ పథకాన్ని 1939లో ఎత్తేశారు. అంతకుముందు ఫ్లానగన్ గారిని చట్టసభ కమిటీ ముందు నిలబెట్టి, ఆవిడ తన వ్యాసంలో పేర్కొన్న మార్లో అనే ఆయన కమ్యూనిస్టా అని ఒక సభ్యుడు అడిగాడట. మార్లో అంటే షేక్స్పియరు కాలం నాటి నాటకకర్త. చనిపోయి మూడు వందల ఏళ్ళు దాటింది!)

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి వుంది, చివరికని అట్టే పెట్టుకున్నాను.

న్యూయార్కులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పనివాళ్ళకు ఒక పెద్ద సంఘం వుండేది. ఆ పనిలో ఆడవాళ్ళే ఎక్కువ. 1911లో ఒక బట్టల ఫ్యాక్టరీలో తలుపుకు తాళం వేసి వుండగా నిప్పంటుకుని 146 మంది చనిపోతే, అందులో చాలామంది పడుచుపిల్లలు. ఆ దుఃఖం మరిచిపోని సంఘం అది. మాంద్యంలో చిక్కిపోయినా, 1934 నాటికి సభ్యులు రెండు లక్షల దాకా పెరిగారు. సభ్యులకు పాటలు, నాట్యం, నాటకం నేర్పడానికి 299 కుర్చీలున్న ఒక చిన్న పాత నాటకశాలను తీసుకుని "లేబర్ స్టేజి" అని పేరు పెట్టారు.

పాటలు రాసిచ్చినాయన హెరాల్డ్ రోమ్. ఈయన చదివింది ఇళ్ళ ప్లాన్లు గీసే చదువు. ఇళ్ళు కట్టేవాళ్ళే లేని రోజుల్లో ప్లాన్లెవరిక్కావాలి? పియానో ముందు కూర్చున్నాడు. ఇక నటులంటారా, నిజంగా గుడ్డ కత్తిరించేవాళ్ళు, మిషను మీద కుట్టేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు. పగలంతా పనిచేసి, రాత్రిపూట వచ్చి నేర్చుకునేవారు. నెలల తరబడి అలా చేశారు. పగలంతా మిషను తొక్కితే రాత్రి నడుం ఎలా వుంటుందో ఇంట్లో కుట్టుపని చేసే చెల్లెళ్ళను అడగండి. ఆ నడుంతో నాట్యం నేర్చుకున్నారు వాళ్ళు!

నాటకం పేరు "పిన్స్ అండ్ నీడిల్స్", అంటే గుండుసూదులూ, కుట్టుసూదులూ. 1937 నవంబరు 27న మొదలైంది. మేళం పెట్టుకునే స్తోమత లేక రెండు పియానోలతో సరిపెట్టారు. మిగతా రోజుల్లో అందరూ పనిలో వుంటారు గనక మొదట్లో వారాంతాల్లోనే ఆట. పాటలేమిటంటారా? పత్రికల్లో ప్రకటనలు చూసి సబ్బులూ పౌడర్లూ అన్నీ కొని రాసుకున్నా ఏ కుర్రాడూ తన వంక చూడడం లేదని ఒక పిల్ల పాడుతుంది. గొప్ప కాలేజీలో డిగ్రీ చదివి, చివరికి దుకాణంలో ఆడవాళ్ళ లోదుస్తులు అమ్ముతున్నానని ఇంకో పిల్ల పాడుతుంది. ఒక జంట తమ ప్రేమను యూనియన్ భాషలో చెప్పుకుంటుంది. కొంచెం పోతే హిట్లరు, ముస్సోలినీ బాపతు వాళ్ళు శాంతి దేవతల వేషాలు వేసుకొచ్చి ఎగురుతారు. లోకంలో వార్తలు మారినకొద్దీ ఆటలూ మార్చేవారు.

అది 1,108 ఆటలు ఆడింది! మొదట సంఘం వాళ్ళు, వాళ్ళ చుట్టాలు వచ్చారు. తర్వాత ఊరంతా వచ్చింది. ఆ తర్వాత ఎవరికోసం వీళ్ళు గౌన్లు కుట్టేవారో ఆ గొప్పింటి అమ్మగార్లే టిక్కెట్లు కొని వచ్చి కూర్చున్నారు. 1938లో వైట్ హౌస్‌కు పిలిపించుకుని ప్రెసిడెంటు రూజ్వెల్టు దంపతులు చూశారు. పని దొరకదేమో, మిషను దగ్గర స్థానం పోతుందేమో అని బెంగపడే ఆడపిల్లలు దేశాధ్యక్షుడి ఇంట్లో నిలబడి తమ బతుకును తామే పాడారు. 1940 జూన్ 22న ఆఖరి ఆట. ఆ రోజే ఫ్రాన్సు దేశం హిట్లరుకు తలవంచి సంతకం చేసింది.

ఈ కథంతా మా అత్తగారికి చెప్పాను. ఆవిడకిప్పుడు చూపు ఆనదు గానీ చెవులు మహా చురుకు. అంతా విని, "పద్యాలుండవూ వాళ్ళకి?" అన్నారు. ఉండవన్నాను. "హార్మోనియమో?" అన్నారు. రెండు పియానోలని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఫరవాలేదులే" అన్నారు. తర్వాత, ఆ పిల్లల్లో ఎవరికైనా చంద్రమతి వేషం కట్టే గొంతు వుందా అని అడిగారు.

పద్దు పుస్తకం సంగతి ఏమైందంటారా? "దుబారా" అన్న మాట కొట్టేశాను. దాని మీద ఏం రాయాలో ఇంకా తోచలేదు. ఆ గడి అలాగే ఖాళీగా వుంది.

అద్దం అవతల నుంచి టైమైపోయిందని చేయి ఊపుతున్నారు.